మెడ్యుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలితే ఏం చేయాలి, ఏది ముందు చేయాలి

మెడ మీద గడ్డకి సూది పరీక్ష చేయించారు. రిపోర్టులో ‘మెడ్యుల్లరీ కార్సినోమా’ అని వచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా చెప్పే ధైర్యం ఒకటే: “థైరాయిడ్ క్యాన్సరే కదా, కంగారేం లేదు. ఆపరేషన్ చేసి అయోడిన్ తాగిస్తారు, తగ్గిపోతుంది. మా ఆడపడుచుకి అలాగే తగ్గింది.” ఆవిడకి తగ్గిన మాట నిజమే అయ్యుంటుంది. ఆవిడకి వచ్చింది బహుశా పాపిలరీ రకం. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం అదే. మీకు వచ్చింది వేరే జబ్బు, దాని దారి వేరు.

థైరాయిడ్ గ్రంథిలో థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే కణాల మధ్య అక్కడక్కడా ‘సి సెల్స్’ అనే కణాలు ఉంటాయి. క్యాల్సిటోనిన్ అనే హార్మోన్ వాటి నుంచి వస్తుంది. మెడ్యుల్లరీ క్యాన్సర్ పుట్టేది వీటిలోనే. దీన్ని విడి రకంగా గుర్తించింది 1959లో. సి సెల్స్ అయోడిన్‌ని పీల్చుకోవు కాబట్టి రేడియో అయోడిన్ మందు దీని మీద పనిచేయదు. వంద థైరాయిడ్ క్యాన్సర్లు చూస్తే అందులో ఇది ఐదుకు మించదు. అంటే మీ ఊళ్లో మంచి పేరున్న సర్జన్ కూడా ఇలాంటి కేసులు చాలా తక్కువే చూసి ఉంటారు. అది ఆయన తప్పు కాదు. కానీ ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

ఇంకో సంగతి. ఈ జబ్బు వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరికి ఇది వంశపారంపర్యంగా వచ్చినదే. ఆ ఒక్కరు మీరేనా కాదా అన్నది మీ కోసమే కాదు, మీ పిల్లల కోసం, తోబుట్టువుల కోసం కూడా తేల్చుకోవాలి. అందుకని ఆపరేషన్ తేదీ కోసం పడే ఆత్రం కాస్త దానికి ముందు చేయాల్సిన పరీక్షల మీద పెట్టండి. రెండు మూడు వారాలు వాటికి పట్టినా మామూలుగా కొంప మునిగేదేం లేదు. అవి చేయకుండా థియేటర్‌లోకి వెళ్తే మునిగే ప్రమాదం ఉంది. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.

మొదటి మెట్టు: క్యాల్సిటోనిన్, సీఈఏ రక్త పరీక్షలు

సూది పరీక్షలో ఈ జబ్బు ప్రతిసారీ బయటపడదు. ‘అనుమానాస్పదం’ అనో, ‘ఫోలిక్యులర్’ అనో రాసి వదిలేయడం మామూలే. అనుమానం ఉంటే అవే స్లైడ్ల మీద క్యాల్సిటోనిన్ స్టెయినింగ్ (కణాల్లో క్యాల్సిటోనిన్ ఉందేమో రంగు వేసి చూడటం) చేయమని అడగొచ్చు. సూదిలో మిగిలినదాన్ని సెలైన్‌తో కడిగి, ఆ నీళ్లలో క్యాల్సిటోనిన్ ఎంత ఉందో కూడా కొలుస్తారు. అయితే అన్నిటికన్నా సులువు రక్త పరీక్ష.

ఇక్కడ ఒక చిన్న పొరపాటు తరచూ జరుగుతుంది. చీటీ మీద ‘క్యాల్సిటోనిన్’ అని ఉంటే, ల్యాబ్ కౌంటర్‌లో కంప్యూటర్‌లో ‘ప్రోక్యాల్సిటోనిన్’ నొక్కేస్తారు. ప్రోక్యాల్సిటోనిన్ ఇన్ఫెక్షన్ల కోసం ఐసీయూల్లో రోజూ చేసేది, అందుకే వాళ్ల చేతికి అది అలవాటు. బిల్లు మీద పేరు చదువుకుని గానీ చెయ్యి చాచకండి. రక్తం తీశాక దాన్ని ఐస్‌లో పెడుతున్నారా, వెంటనే సెంట్రిఫ్యూజ్ చేస్తారా అని కూడా అడగండి. క్యాల్సిటోనిన్ మామూలు వేడికి త్వరగా పాడైపోతుంది. వీధి చివర కలెక్షన్ సెంటర్‌లో ఉదయం తీసి, మధ్యాహ్నం బైక్ బాక్సులో వేసి పంపించే శాంపిల్ మీద వచ్చే అంకెను నేనైతే నమ్మను. పరీక్ష చేసే ల్యాబ్‌కే పరగడుపున వెళ్లి ఇవ్వడం మంచిది.

పెద్దవాళ్లలో మామూలుగా ఇది మిల్లీలీటరుకు 10 పికోగ్రాముల లోపే ఉంటుంది, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. కొంచెం ఎక్కువొచ్చినంత మాత్రాన క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. కిడ్నీలు దెబ్బతిన్నా, పొగ తాగే అలవాటున్నా, గ్యాస్ కోసం రోజూ పాంటాప్రజోల్ లాంటి మాత్రలు వేసుకుంటున్నా కొంత పెరుగుతుంది. మన ఇళ్లలో ఈ గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వేసుకుంటుంటే డాక్టర్‌కి చెప్పండి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని ల్యాబ్‌లలో అంకెల్ని తారుమారు చేస్తాయి, వాటి సంగతీ చెప్పండి. మరే కారణం లేకుండా 100 దాటితే మాత్రం దాదాపు మెడ్యుల్లరీ అనే అనుకోవాలి. 500 దాటితే జబ్బు మెడ దాటి వెళ్లిందేమో వెతకాలి. గడ్డ పెద్దగా ఉండి అంకె విచిత్రంగా తక్కువొస్తే శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చూడమనండి. మరీ ఎక్కువ ఉన్నప్పుడు యంత్రం పొరబడి తక్కువ చూపించడం కద్దు.

సీఈఏ అన్నది దీనికి జత పరీక్ష, ఈ క్యాన్సర్ కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఇంకో పదార్థాన్ని కొలుస్తుంది. ఒక్కసారి చూసిన అంకె కన్నా, తర్వాత తర్వాత పెరుగుతోందా లేదా అన్నదానికి విలువ ఎక్కువ. అందుకే మొదటి రోజు నుంచే రెండూ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. ల్యాబ్ మారితే పద్ధతి మారుతుంది, పాత అంకెతో పోల్చడానికి వీలుండదు.

రెండో మెట్టు: కత్తి పెట్టకముందు అడ్రినల్ గ్రంథుల సంగతి

ఈ మెట్టు దాటవేయకూడదు.

వంశపారంపర్య రకంలో థైరాయిడ్‌తో పాటు, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ కూడా ఉండొచ్చు. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని 1961లో సిపుల్ అనే అమెరికన్ డాక్టర్ బయటపెట్టారు. ఈ గడ్డ అడ్రినలిన్ జాతి హార్మోన్లని ఉన్నట్టుండి గుమ్మరిస్తుంది. అది ఉన్నట్టు తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా ఆకాశానికి లేచి, టేబుల్ మీదే ప్రాణం పోవచ్చు. మీది వంశపారంపర్యం కాదని జన్యు పరీక్షలో తేలేవరకూ, ఈ గడ్డ ఉండొచ్చనే అనుకుని వెతకాలి.

లక్షణాలు ఇలా ఉంటాయి: ఉన్నట్టుండి తలనొప్పి, గుండె దడ, చొక్కా తడిసేలా చెమట, కాసేపటికి అంతా మామూలు. ఇలా వచ్చిపోతుంటే గ్యాస్ అనో టెన్షన్ అనో కొట్టిపారేస్తాం. కొందరికి ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి పరీక్షే దిక్కు. ఇది రెండు రకాలు. ఒకటి రక్తంలో మెటానెఫ్రిన్లు, అంటే అడ్రినలిన్ జాతి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు, చూడటం. దీనికి రక్తం తీసేముందు ఇరవై ముప్పై నిమిషాలు పడుకుని ఉండాలి. క్యూలో నిలబెట్టి అలాగే తీస్తే ఉత్తపుణ్యానికి ఎక్కువ చూపిస్తుంది.

రెండోది 24 గంటల మూత్రంలో వాటినే చూడటం. ఉదయం ఆరింటికి లేవగానే వచ్చేది పారబోయాలి. అక్కణ్నుంచి ప్రతిసారీ వచ్చింది ల్యాబ్ ఇచ్చిన క్యాన్‌లోకే పోయాలి, మర్నాడు ఉదయం ఆరింటికి వచ్చింది కూడా. క్యాన్ అడుగున ముందే కొంచెం యాసిడ్ పోసి ఇస్తారు. మురికనుకుని దాన్ని కడిగేయకండి, చేతి మీద పడనివ్వకండి. మధ్యలో ఒక్కసారి మరిచిపోయి బాత్‌రూమ్‌లో వదిలేసినా ఆ రోజు లెక్క పోయినట్టే, మర్నాడు మళ్లీ మొదటి నుంచి. జలుబు మాత్రలు, మైగ్రేన్‌కో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటివి ఈ పరీక్షని చెడగొడతాయి. మీరు వేసుకునే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి.

గడ్డ ఉందని తేలితే వరుస మారుతుంది. ముందు అడ్రినల్ ఆపరేషన్, తర్వాత థైరాయిడ్. అడ్రినల్ ఆపరేషన్‌కి ముందు కూడా వారం పదిరోజులకు తక్కువ కాకుండా ప్రజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ మందులు ఇచ్చి బీపీని అదుపులోకి తెస్తారు, నీళ్లూ ఉప్పూ బాగా తీసుకోమంటారు. గుండె దడకి వాడే బీటా బ్లాకర్‌ని ఆల్ఫా బ్లాకర్ కన్నా ముందు మొదలుపెట్టకూడదు. ప్రజోసిన్ మొదటి మాత్రకి కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసుకుని, అర్ధరాత్రి లేవాల్సి వస్తే మంచం మీద కాసేపు కూర్చుని నెమ్మదిగా లేవండి. రెండు వైపులా గడ్డలుంటే, గ్రంథి పైపొరని కొంత మిగిల్చి తీయగలరేమో అడగండి. రెండూ పూర్తిగా తీసేస్తే జీవితాంతం స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవాలి, వాటిని ఒక్కరోజు కూడా మానకూడదు.

ఇదే సమయంలో రక్తంలో క్యాల్షియం, పారాథైరాయిడ్ (థైరాయిడ్ వెనక ఉండి క్యాల్షియాన్ని అదుపు చేసే చిన్న గ్రంథులు) హార్మోన్ కూడా చూస్తారు. ఎక్కువున్నాయంటే పెరిగిన పారాథైరాయిడ్ గ్రంథిని అదే ఆపరేషన్‌లో తీసేయొచ్చు.

మూడో మెట్టు: ఎంతవరకు పాకింది

మెడ అల్ట్రాసౌండ్ అందరికీ తప్పనిసరి. గడ్డ ఒక్కటే కాదు, రెండు వైపులా లింఫ్ గ్రంథుల్ని వరుసగా చూసి బొమ్మ గీసిచ్చే రేడియాలజిస్ట్ దగ్గర చేయించుకోవాలి. మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి ఎక్కువగా పాకినట్టు కనిపించినా, క్యాల్సిటోనిన్ 500 దాటినా, దూరాన పాకిన సూచనలున్నా ఛాతీ సీటీ, కాలేయానికి ఎమ్మారై లేదా మూడు దశల సీటీ, ఎముకల స్కాన్ చేయిస్తారు. ఈ జబ్బు కాలేయంలో చిన్న చిన్న చుక్కల్లా పడుతుంది, మామూలు స్కాన్‌లో తేలిగ్గా తప్పించుకుంటుంది. అందరికీ తెలిసిన మామూలు పెట్ స్కాన్ దీనికి అంత గొప్పగా పనిచేయదు. అది చేయించుకుని ‘అంతా క్లీన్’ అని ఊపిరి పీల్చుకోవద్దు. గొంతు ఏమాత్రం బొంగురుపోయినా, పోకపోయినా, ఆపరేషన్‌కి ముందు స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో ఈఎన్‌టీ డాక్టర్ చేత చూపించుకోండి.

నాలుగో మెట్టు: ఆపరేషన్

థైరాయిడ్ మొత్తం, దానితో పాటు మెడ మధ్యభాగంలోని లింఫ్ గ్రంథులు తీయడం మామూలు పద్ధతి. పక్క గ్రంథుల్లో కూడా కనిపిస్తే వాటినీ తీస్తారు. ఇక్కడ సర్జన్ చేతి అనుభవానికి ఉన్నంత విలువ ఆస్పత్రి భవనానికి లేదు. “ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు, మెడ్యుల్లరీ కేసులు చేశారా?” అని అడగడానికి మొహమాటపడకండి. ఎండోక్రైన్ సర్జరీకి విడి విభాగం ఉన్న చోట, ఉదాహరణకి వెల్లూరు సీఎంసీ, లక్నో ఎస్‌జీపీజీఐ లాంటి చోట్ల, ఇలాంటి కేసులు ఎక్కువ చూస్తారు. అంత దూరం వెళ్లలేనివాళ్లు కనీసం స్లైడ్లూ రిపోర్టులూ పట్టుకుని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులతో వెళ్లేవాళ్లు ఏ పరీక్షలు పథకంలోకి వస్తాయో, ఏవి బయట డబ్బు కట్టి చేయించాలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

కొన్నిసార్లు వేరే ఏదో గడ్డ అనుకుని థైరాయిడ్ సగం తీశాక, బయాప్సీలో మెడ్యుల్లరీ అని తేలుతుంది. వెంటనే రెండో సగం తీయాలా? జన్యు పరీక్ష నెగటివ్, తర్వాత చూసిన క్యాల్సిటోనిన్ మామూలుగా ఉండి, అల్ట్రాసౌండ్ కూడా శుభ్రంగా ఉంటే తీయకుండా గమనిస్తూ ఉండొచ్చు. జన్యు మార్పు ఉందంటే మాత్రం రెండో సగం ఉంచకూడదు.

ఆపరేషన్ తర్వాత పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి వస్తే క్యాల్షియం పడిపోతోందని అర్థం. రాత్రి పూటైనా సరే నర్సుకి చెప్పండి, తెల్లారేవరకు ఆగొద్దు. ఇంటికెళ్లాక థైరాక్సిన్ మాత్ర పరగడుపున, క్యాల్షియం మాత్ర కనీసం నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలి. రెండూ ఒకేసారి మింగితే థైరాక్సిన్ ఒంటపట్టదు. పాపిలరీ రకంలో, థైరాయిడ్ చేత పనిచేయించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్‌ని బాగా కిందికి తొక్కిపెడతారు. మీకు ఆ అవసరం లేదు, మామూలు హద్దుల్లో ఉంటే చాలు. ఎవరైనా అలవాటుగా డోసు పెంచితే, “నాది మెడ్యుల్లరీ కదండీ” అని గుర్తుచేయండి.

ఐదో మెట్టు: రెట్ జన్యు పరీక్ష

దీన్ని ఐదోదిగా రాశాను గానీ, రక్తం మాత్రం మొదటి వారంలోనే ఇచ్చేయండి. ఫలితం రావడానికి వారాలు పడుతుంది.

పదో క్రోమోజోమ్ మీద రెట్ అనే జన్యువు ఉంది. అందులో పుట్టుకతో మార్పు ఉంటే మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు వస్తుంది. 1993లో ఈ సంగతి తేలినప్పటి నుంచీ కథ మారిపోయింది. క్యాన్సర్ రాకముందే ఎవరికి వస్తుందో చెప్పగలుగుతున్నారు. మెడ్యుల్లరీ వచ్చిన ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష చేయించుకోవాలి. “మా వంశంలో ఎవరికీ లేదు, నాకు అరవై ఏళ్లు, నాకెందుకు?” అనకండి. అలా అనుకున్నవాళ్లలో కూడా నూటికి కొద్దిమందికి పాజిటివ్ వస్తోంది.

రెండు పరీక్షల్ని కలిపేసుకుని కంగారుపడటం ఎక్కువ. గడ్డ ముక్క మీద చేసే రెట్ పరీక్ష వేరు, రక్తం మీద చేసేది వేరు. గడ్డలో మాత్రమే ఉన్న మార్పు పిల్లలకు రాదు. అది తర్వాత మందు ఎంచుకోవడానికి పనికొస్తుంది. రక్తంలో ఉన్న మార్పు మాత్రం సంతానానికి వెళ్తుంది. రిపోర్టులో ‘వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్’ అని వస్తే, అది ఇంకా దోషమని తేలని మార్పు. దాన్ని పట్టుకుని పిల్లల థైరాయిడ్ తీయించే పని పెట్టుకోకండి. ఈ రిపోర్టు చదివి విడమరచి చెప్పేందుకు జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

పాజిటివ్ వస్తే లెక్క ఇలా ఉంటుంది. మీ పిల్లల్లో ప్రతి ఒక్కరికీ రావడానికి సగం అవకాశం. ఆడా మగా తేడా లేదు. “మేం మేనరికం చేసుకోలేదు, మాకెలా వస్తుంది?” అని అడుగుతారు. ఈ జబ్బుకి మేనరికం అక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. అయితే మేనరికాలున్న ఇంట్లో ఒకే తాతగారి రక్తం అటు కోడలి వైపూ ఇటు కొడుకు వైపూ ఉంటుంది కాబట్టి పరీక్ష చేయాల్సిన వాళ్లని ఒక వైపే వెతికి ఆపకూడదు.

ఒక పెద్ద కాగితం తీసుకుని మూడు తరాలు రాయండి. ఇంట్లో పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుంటే పని సులువవుతుంది, ఎవరు ఎలా పోయారో ఆవిడకే గుర్తుంటుంది. ‘క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా’ అని ఊరికే అడిగితే లేదనే అంటారు. ఇలా అడగండి: మెడ మీద గడ్డతో ఎవరైనా ఉన్నారా? కాన్పులోనో, చిన్న ఆపరేషన్‌లోనో ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా? చిన్న వయసులోనే విపరీతమైన బీపీ, పక్షవాతం? మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు? వీపు పైభాగంలో, రెక్కల మధ్య ఏళ్ల తరబడి దురదపెట్టే గరుకు మచ్చ? పుట్టిన బిడ్డకి విరేచనం కాక పేగు ఆపరేషన్? ఇవన్నీ మెన్-2ఏ అనే రకం వేసే గుర్తులే. మెన్-2లో సుమారు 95 శాతం ఈ రకమే.

మిగిలిన కొద్దిమందిది మెన్-2బి, చాలా దూకుడు రకం. ఇది ఎక్కువగా తల్లిదండ్రులెవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా కన్నీళ్లు రావు, మలబద్ధకం వదలదు, కాస్త పెరిగాక నాలుక అంచున, పెదవుల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి, పిల్లాడు సన్నగా పొడుగ్గా సాగుతాడు. పిల్లల డాక్టర్‌కీ దంత వైద్యుడికీ ముందుగా కనిపించే జబ్బు ఇది.

బంధువులకి చెప్పడం

పరీక్షలన్నిటికన్నా కష్టమైన పని ఇదే. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంట్లో ‘సంబంధాలు చెడిపోతాయి’ అని నోరు కట్టేస్తారు. ఆ భయం అర్థం కానిది కాదు. కానీ దాచినందువల్ల జన్యువు ఆగదు. ఏ తమ్ముడి కూతురో మొదటి కాన్పుకి లేబర్ రూమ్‌లోకి తెలియని అడ్రినల్ గడ్డతో వెళ్లే పరిస్థితి వస్తుంది. నా మటుకు నేను, సంబంధం కన్నా ప్రాణమే ముందంటాను. ఫ్యామిలీ గ్రూపులో పెట్టి గోల చేయనక్కర్లేదు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి. మాటలు తోచకపోతే ఇలా అనొచ్చు:

“వదినా, ఒక విషయం చెప్పాలి, పిల్లలు పక్కన లేనప్పుడు మాట్లాడదాం. నాకొచ్చిన జబ్బు మన ఇంటి రక్తంలో వచ్చే రకమని తేలింది. అన్నయ్యకి ఉందో లేదో ఒక్క రక్త పరీక్షతో తెలుస్తుంది. లేదంటే పిల్లలకి పరీక్షే అక్కర్లేదు. ఉందంటే వాళ్లకి క్యాన్సర్ రాకముందే ఆపొచ్చు. నా రిపోర్టు పంపిస్తున్నాను, ల్యాబ్‌లో చూపిస్తే ఆ ఒక్క మార్పు కోసమే వెతుకుతారు.”

చివరి వాక్యం వదలొద్దు. కుటుంబంలో ఏ మార్పు ఉందో తెలిస్తే మిగతావాళ్లకి జన్యువంతా చదవాల్సిన పని లేదు, ఖర్చూ తగ్గుతుంది. నెగటివ్ వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ లెక్క నుంచి పూర్తిగా బయటపడినట్టే. ఏటా స్కానింగులు వాళ్లకి అక్కర్లేదు. అమెరికాలో ఉన్న అన్నదమ్ములు అక్కడే పరీక్ష చేయించుకోవచ్చు. 2008 నాటి అక్కడి చట్టం ప్రకారం జన్యు ఫలితాన్ని చూసి ఆరోగ్య బీమా నిరాకరించడానికి, ఉద్యోగం తీసేయడానికి వీల్లేదు. జీవిత బీమాకి మాత్రం ఆ రక్షణ లేదు, కాబట్టి ఆ పాలసీ సంగతి ముందు చూసుకుంటారో లేదో వాళ్లిష్టం.

పాజిటివ్ వచ్చిన పిల్లలకి ఎప్పుడు ఆపరేషన్

మార్పు ఏ స్థానంలో ఉందన్నదాన్ని బట్టి వయసు నిర్ణయమవుతుంది. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇలా చెబుతాయి. 918వ స్థానంలో మార్పు, అంటే మెన్-2బి, ఉంటే మొదటి పుట్టినరోజు లోపే థైరాయిడ్ తీయాలి. 634, 883 స్థానాలైతే ఐదేళ్లకు లేదా ఇంకా ముందు. మిగతా స్థానాలైతే ఐదేళ్ల వయసు నుంచి క్రమం తప్పకుండా అల్ట్రాసౌండ్, క్యాల్సిటోనిన్ చూస్తూ, అంకె పెరగడం మొదలవగానే తీయొచ్చు. ఏళ్ల తరబడి ఇలా కాపు కాయలేమనుకునే తల్లిదండ్రులు ముందే తీయించేయొచ్చు కూడా. అడ్రినల్ పరీక్షలు మొదటి రెండు వర్గాలకి 11 ఏళ్ల నుంచి, మిగతావాళ్లకి 16 ఏళ్ల నుంచి ఏటా చేయాలి.

“ఆడుకుంటున్న పిల్లాడికి, ఏ జబ్బూ లేనివాడికి మెడ కోయించడమా?” అని నాయనమ్మ ఏడుస్తుంది. ఆవిడకి జవాబు ఇదే: థైరాయిడ్ లేకపోతే రోజుకో మాత్రతో బతుకు సాగుతుంది, బడికెళ్తాడు, పొడుగవుతాడు, పెళ్లి చేసుకుంటాడు. లింఫ్ గ్రంథుల్లోకి పాకిన మెడ్యుల్లరీని పూర్తిగా వదిలించుకోవడం మాత్రం చాలా కష్టం. అయితే పసివాళ్ల పారాథైరాయిడ్ గ్రంథులు మరీ చిన్నవి, అవి దెబ్బతింటే జీవితాంతం క్యాల్షియం ఇబ్బంది. కాబట్టి పిల్లలకి థైరాయిడ్ ఆపరేషన్లు బాగా అలవాటున్న చోటికే వెళ్లాలి. ఇక, మూడేళ్ల లోపు పిల్లల్లో క్యాల్సిటోనిన్ మామూలుగానే పెద్దల కన్నా ఎక్కువ ఉంటుంది. పెద్దవాళ్ల హద్దుతో పోల్చి గుండెలు బాదుకోకండి.

జన్యు మార్పు ఉన్న ఆడపిల్ల గర్భం కోసం అనుకునేముందే మెటానెఫ్రిన్ పరీక్ష చేయించుకోవాలి. ఐవీఎఫ్‌లో పిండానికి జన్యు పరీక్ష చేసి మార్పు లేనిదాన్నే ఎంచుకునే దారి కూడా ఉంది, కావాలనుకుంటే కౌన్సెలర్‌ని అడగండి.

ఆరో మెట్టు: తర్వాత గమనించడం

ఆపరేషన్ అయిన మూడు నెలలకి క్యాల్సిటోనిన్, సీఈఏ చూస్తారు. అంతకు ముందు చూసి బెంగపడొద్దు, దిగడానికి సమయం పడుతుంది. అసలు కనిపించనంత తక్కువకి దిగితే అంతకన్నా మంచి వార్త లేదు. ఆరు నెలలకోసారి కొంతకాలం, తర్వాత ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది. 150 లోపు మిగిలి ఉంటే జబ్బు ఎక్కువగా మెడలోనే ఉంటుంది, అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు. 150 దాటితే ఛాతీ, కాలేయం, ఎముకలు కూడా చూడాలి.

అంకె ఉంది, స్కాన్‌లో మాత్రం ఏమీ లేదు. ఈ స్థితిలో చాలామంది ఏళ్లకేళ్లు మామూలుగా పని చేసుకుంటూ ఉంటారు. ఇక్కడ చూడాల్సింది అంకె ఎంత అని కాదు, రెట్టింపవడానికి ఎంత కాలం పడుతోందని. ఆరు నెలల లోపే రెట్టింపవుతుంటే జబ్బు వేగంగా ఉంది. రెండేళ్లు దాటినా రెట్టింపవకపోతే నెమ్మదిగా ఉన్నట్టు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, ల్యాబ్ పేరు, రెండు అంకెలు రాస్తూ పోండి. డాక్టర్ మారినా ఆ పేజీ ఒక్కటి చూపిస్తే పరిస్థితి నిమిషంలో అర్థమవుతుంది.

జబ్బు పాకితే వాడే మందులు

క్యాల్సిటోనిన్ పెరిగిందన్న ఒక్క కారణంతో మందు మొదలుపెట్టరు. స్కాన్‌లో గడ్డలు పెరుగుతున్నాయనో, లక్షణాలు బాధపెడుతున్నాయనో తేలాలి. మామూలు కీమో దీని మీద పెద్దగా పనిచేయదు. అమెరికాలో వ్యాండెటానిబ్‌కి 2011లో, క్యాబోజాంటినిబ్‌కి 2012లో అనుమతి వచ్చింది. 2020లో వచ్చిన సెల్‌పర్‌కాటినిబ్ రెట్ మార్పునే గురిపెట్టే మందు. రెట్ మార్పు ఉన్న రోగుల్లో ఇది ముందటి రెండిటికన్నా బాగా పనిచేస్తుందని, ఇబ్బందులు కూడా తక్కువని 2023లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో తేలింది. అందుకే వంశపారంపర్యం కానివాళ్లు గడ్డ ముక్క మీద రెట్ పరీక్ష చేయించుకోవాలి.

ఇవి మాత్రలే అయినా తేలికైనవి కావు. వ్యాండెటానిబ్ గుండె లయని దెబ్బతీయగలదు, ఈసీజీ చూస్తూ ఉండాలి. వాంతుల మాత్రో, యాంటీబయోటిక్ కోర్సో మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని దీనితో కలిపి వేసుకోవద్దు. సెల్‌పర్‌కాటినిబ్‌తో బీపీ, లివర్ పరీక్షలు చూస్తుండాలి. గ్యాస్ మాత్ర ఇక్కడ కూడా అడ్డొస్తుంది, ఈ మందుని ఒంటపట్టనివ్వదు. ఖరీదు మామూలు కుటుంబం మోసేది కాదు, కాబట్టి మొదటి స్ట్రిప్ కొనకముందే కంపెనీ సహాయ పథకం ఏదైనా ఉందేమో ఆంకాలజిస్ట్‌ని అడగండి. క్యాల్సిటోనిన్ బాగా ఎక్కువున్నవాళ్లకి రోజూ నీళ్ల విరేచనాలవుతాయి. అది తిండి వల్ల కాదు, పత్యాలతో ఒళ్లు చిక్కించుకోకండి. లోపెరమైడ్ లాంటివి రాసిస్తారు.

ఇంకో జాగ్రత్త, షుగర్ ఉన్నవాళ్లకి

బరువు తగ్గడానికీ షుగర్‌కీ ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మందులు మీరు వాడకూడదు. ఎలుకల్లో ఇవి సి సెల్ గడ్డలు తెప్పించాయి. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాకపోయినా, మెడ్యుల్లరీ క్యాన్సర్ గానీ మెన్-2 గానీ తమకో కుటుంబంలోనో ఉన్నవాళ్లకి ఇవ్వొద్దని అమెరికాలో మందు లేబుల్ మీదే హెచ్చరిక ఉంటుంది. ‘కుటుంబంలోనో’ అన్నారు కాబట్టి మీ అన్నదమ్ములకీ ఈ సంగతి చెప్పాలి. షుగర్ డాక్టర్ దగ్గర “ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?” అని అడిగితే చాలామంది “ఆ, మా అక్కకి థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటుంది” అని ఊరుకుంటారు. ఏ రకమో పేరు పెట్టి చెప్పాలి.

మీ ఫైల్లో ఇవి పైన ఉంచండి: బయాప్సీ రిపోర్టు, రెట్ రిపోర్టు, మెటానెఫ్రిన్ ఫలితం, క్యాల్సిటోనిన్ నోట్‌బుక్. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, కంటి ఆపరేషన్‌కి వెళ్లినా ముందు ఆ ఫైలు చూపించండి. గడ్డ ముక్కలున్న మైనపు బ్లాకులు ల్యాబ్‌లో ఎంతకాలం దాస్తారో అడిగి, గడువు లోపు రాయించి తెచ్చుకోండి. ఐదేళ్ల తర్వాత మందు కోసం పరీక్ష చేయాల్సి వస్తే అవే కావాలి. ఇంట్లో ఎండ తగలని, వేడి లేని చోట పెట్టండి.